రెండు సీట్ల ఎర్ర బండి

శక్కర్‌నగర్, బోధన్
అక్టోబర్ మొదటి వారం

సవితక్కకు,

నా నంబర్ బ్లాక్ చేశావు. బావ ఫోన్‌లో కూడా చేయించావు. సంతోషం. పోస్టుమాన్‌ను బ్లాక్ చేసే సదుపాయం ఇంకా రాలేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చింపాలనుకుంటే చదివాక చింపు.

బాపు దినాల నాడు నేను విస్తరి విసిరికొట్టింది అందరికీ గుర్తుంది. అంతకు ముందు ఏం జరిగిందో ఒక్కరికీ గుర్తులేదు. చిన్నయ్య కాక నా పక్కనే కూర్చొని, నేను వినాలనే, "బండి మీటర్ తెంపి తండ్రి పానం తీసిండు, ఇయ్యాల నెయ్యి ఏసుకొని తింటుండు" అన్నాడు. నేను అవ్వ వైపు తిరిగాను. "అవ్వా, నువ్వన్న చెప్పు, నేను తెంపలేదని చెప్పు" అని అడిగాను. అంతమందిలో అడిగాను. ఆమె తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. అప్పుడు విసిరాను.

మీటర్ సంగతి నీకు సగమే తెలుసు. అప్పటికే నీకు పెళ్ళయి నిజామాబాద్‌లో ఉన్నావు, పండగలకు వచ్చి పిండివంటలు తిని పోయేదానివి. మిగతా సగం ఇప్పుడు విను.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆ ఇంజనీరు సారు ఊరొదిలి పోతూ తన ఎర్ర బండిని బాపుకు ఇచ్చిపోయాడు. ఎప్పుడో దుబాయి నుంచి ఓడలో తెచ్చుకున్న కారు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఫిట్టర్ ముత్తన్న తప్ప దాన్ని ఎవరూ బతికించలేరని ఆయనకు తెలుసు. అప్పటికి బాపుకు పని లేదు. డిగ్రీ చదివిన నాకూ లేదు. ఆ ఇంట్లో సక్రమంగా పనిచేసేది ఆ బండి ఒక్కటే. ఒకసారి అడగకుండా నా దోస్తు నాగేందర్‌ను ఎక్కించుకొని కందకుర్తి పోయొచ్చాను. బాపు మీటర్ చూసి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మొదలైంది చదువు. సాయంత్రం బండి పెట్టగానే కిలోమీటర్ల అంకె పైకి చదివేవాడు, పొద్దున లేవగానే మళ్ళీ చదివేవాడు. సాయంత్రం కళ్ళద్దాలు లేకుండా, పొద్దున కళ్ళద్దాలతో. రెండూ కలవకపోతే దొంగను నేనే! పళ్ళు తోముకోకముందే దెబ్బలు తిన్న రోజులున్నాయి అక్కా, నాకు అప్పటికి ఇరవై ఆరేళ్ళు.

ఒకరోజు మీటర్ ఆగిపోయింది. స్పీడు చూపే ముల్లు లేస్తుంది, పడుతుంది, కిలోమీటర్ల అంకెలు మాత్రం కదలవు. బాపు నా గల్లా పట్టి బజారులోకి గుంజాడు. "నా ఇంట్ల దొంగకు బువ్వ లేదు, పో" అన్నాడు. పోయాను. బాల్కొండలో రైస్ మిల్లు కాంటా మీద కూర్చొని ఏడేళ్ళుగా లారీల బరువులు చదువుతున్నాను. తలకొరివి పెట్టడానికి తప్ప ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను. ఆ మీటర్ నేనే విప్పుతాను, నేనే బాగుచేస్తాను. అది దానంతట అది పోయిందో, ఎవరి చెయ్యైనా పడిందో కళ్ళతో చూస్తాను. బండి కొనడానికి ఎవరినో మాట్లాడావట. అప్పటిదాకా వాణ్ణి ఈ గల్లీలోకి పంపకు. తాళంచెవి నా దగ్గరుంది.

మధుకర్

*

నిజామాబాద్

మధుకర్‌కు,

చింపలేదు. మొత్తం చదివాను, నా ఖర్మ.

నువ్వు విస్తరి విసిరి వెళ్ళిపోయావు. చాప మీద పడ్డ అన్నం మెతుకులు అవ్వ ఒక్కతే ఏరింది. నేను చీపురు తెస్తే "వద్దు బిడ్డ, గది మీ బాపు పేరు మీద వండిన బువ్వ" అంది. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

పండగలకు వచ్చి పిండివంటలు తిన్నానన్నావు. తిన్నాను. బాపుకు పక్షవాతం వచ్చినప్పుడు కూడా నేనే వచ్చాను. నడుము పట్టి లేపింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను. కుట్టుపని మూసుకొని నెలలు నెలలు బోధన్ బస్సుల్లో తిరిగాను. అప్పుడు నువ్వు లారీల బరువులు చదువుకుంటున్నావు. నీ ఒక్కడికే అన్యాయం జరిగినట్టు రాయకు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో బల్బు మార్చడానికి పక్కింటివాళ్ళను పిలిచేవాడివి నువ్వు. ఇప్పుడు మీటర్ విప్పుతావట. నువ్వు చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుంది. మల్లికార్జున్ గారు పాత బండ్లంటే ఇష్టపడే మనిషి, మంచిగా చూసుకుంటాడు. ఇచ్చేద్దాం. ఆ బండి వల్ల ఆ ఇంట్లో ఎవరికి సుఖం కలిగింది?

అవ్వ నా దగ్గరే ఉంది. వద్దంటున్నా మళ్ళీ బీడీల చాట ముందు వేసుకుంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. మీటర్ విప్పుతానన్న చోట చేతిలో కత్తెర ఆపి, "ఎందుకట?" అంది. తర్వాత "వద్దని రాయి" అంది. రాశాను. అవ్వ కూడా వద్దంటుంది.

సవిత

*

శక్కర్‌నగర్, బోధన్
దీపావళి అయిన మూడో రోజు

అక్కా,

విప్పాను.

ముందు నువ్వు నవ్వుకునే సంగతి చెప్పేస్తాను. ఫోన్‌లో వీడియో పెట్టుకొని మొదలుపెట్టాను. బ్యాటరీ వైరు ముందే తీయాలని ఆ వీడియోలో చివర్న చెప్పాడు, వెధవ. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి ఏదో గుంజగానే హారన్ పట్టేసింది. ఆగదు. ఎక్కడ నొక్కినా ఆగదు. గల్లీ మొత్తం వచ్చింది. వసంతమ్మ అత్త చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చి, "ఏందిర పోరడ, ముత్తన్న మల్ల లేసొచ్చిండనుకున్న!" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ బండిని రాయి పెట్టి పగలగొట్టాలనిపించింది. చివరికి ఫ్యూజు పీకి నోరు మూయించాను.

తర్వాత నెమ్మదిగా చేశాను. స్టీరింగ్ కిందికి దించి, పైన కప్పు స్క్రూలు తీసి, వెనక వైర్ల పిన్నులు ఊడదీస్తే మీటర్ల డబ్బా మొత్తం చేతిలోకి వచ్చింది. ముందు అద్దం పట్టుకునే కొక్కేలు రెండు విరగ్గొట్టాను. ఒక స్క్రూ ఎక్కడో పడిపోతే సీటు కింద పడుకొని వెతికాను. చెయ్యి కోసుకుంది. ప్రతి దెబ్బకూ బాపును తిట్టుకున్నాను. చచ్చిపోయినవాణ్ణి తిట్టకూడదంటారు, బతికున్నప్పుడు తిట్టే అవకాశం ఇవ్వలేదు కదా.

కిలోమీటర్ల అంకెలు తిప్పడానికి వెనక చిన్న మోటారు ఉంది. మోటారుకూ అంకెల చక్రాలకూ నడుమ చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ పళ్ళచక్రం. దాని పళ్ళు పోయాయి! వీడియోలో వాడు చెప్పింది అదే, పాత బండ్లలో ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి పళ్ళు రాలిపోతాయట. ప్రపంచంలో ఎవరి బండిలోనైనా రాలతాయి. ముత్తన్న బండిలో మాత్రం కొడుకు దొంగ కాబట్టి రాలాయి.

ఆ చక్రాన్ని దూదిలో చుట్టి ఈ కవర్లో పెట్టాను. చిన్నయ్య కాక ఇంటికి తీసుకెళ్ళు. అతని అరచేతిలో పెట్టు. "గిది చూసి మాట్లాడు" అను. అవ్వకు కూడా చూపించు. ఆ రోజు అందరిలో అడిగితే నోరు విప్పలేదు, ఇప్పుడైనా ఒక్క మాట అనమను. నా కొడుకు దొంగ కాదు అనమను. ఏడేళ్ళు ఆ మాట కోసం కాచుకొని ఉన్నాను.

కొత్త చక్రానికి ఆర్డర్ పెట్టాను. రాగానే బిగిస్తాను.

మధు

*

నిజామాబాద్

మధూ,

హారన్ సంగతి చదివి నవ్వాను. ఒప్పుకుంటున్నాను. అంతవరకే.

చక్రం కాకకు చూపించలేదు. ముందు నేనే చూశాను. నేను కుట్టు మిషన్ల మీద బతికేదాన్ని, పళ్ళచక్రాలు నాకు కొత్త కాదు. పాతబడి పోయే చక్రానికి పళ్ళు ఒకటొకటిగా చుట్టూ రాలతాయి. ఇది అలా లేదు. ఒక్క పక్కనే నున్నగా గీరుకుపోయింది. నా మిషన్‌లో అడుగున దారం చిక్కుకొని, నేను చూసుకోకుండా మోటారు నొక్కితే అచ్చం ఇలాగే అవుతుంది. అవతలి చక్రం ఏదో పట్టుకొని ఆగిపోయింది. ఇవతలిది తిరగబోయి అరిగింది. అంటే దానంతట అది పోలేదు, లోపల ఏదో అడ్డం పెట్టారు.

ఏం అడ్డం పెట్టావో నీకే తెలియాలి. సాక్ష్యం అని పంపావు కదా, చూడు, నీ సాక్ష్యం ఏం చెబుతుందో.

అవ్వకు చూపించాను. అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది. తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు, చాటలో ఆకుల కింద దాచుకుంది. నువ్వు అనమన్న మాట చెప్పాను. ఆ రాత్రి అన్నం తినలేదు. ఇలాంటి ఉత్తరాలు రాసి ఆమెను చంపకు.

ఈసారి బతుకమ్మ ఆడలేదు, దీపాలు పెట్టలేదు. ఇంట్లో చావు జరిగింది మధూ. నీకు మీటర్ ఒక్కటే కనిపిస్తుంది.

సవిత

*

శక్కర్‌నగర్

దారం.

అడ్డం పెట్టింది దారం. నీ మాట మీద పంతంతో అంకెల డబ్బా కూడా విప్పి చూశాను, నీ నోరు మూయించాలని. చివరి అంకె చక్రం పక్కన, ఇరుసు చుట్టూ గులాబీ రంగు దారం. నిన్న మొన్న చుట్టినట్టుంది. మూడు చుట్లు బిగించి, ముడి వేయకుండా కొసను లోపలికి తోసి పెట్టారు. మన ఇంట్లో ఆ చుట్టు ఎవరిదో నేను చెప్పాలా? బీడీలకు వేసే ఆ చుట్టు చూస్తూనే కదా ఇద్దరం పెరిగాం. అక్షరాలు రాకముందు మనకు వచ్చిన మొదటి పని అదే.

అవ్వ. నన్ను బజారులో గుంజుతుంటే వాకిట్లో నిలబడి చూసిన అవ్వ. దినాల నాడు తల ఎత్తని అవ్వ!

ఇంకోటి ఉంది.

బాపు ఫ్యాక్టరీ అలవాటు గుర్తుందా? ఏది విప్పి బిగించినా స్క్రూ తల మీద సగం, పక్క రేకు మీద సగం పడేలా పసుపు పెయింట్ చుక్క పెట్టేవాడు. మళ్ళీ ఎవరైనా విప్పితే చుక్క చిట్లుతుంది, విప్పినట్టు తెలుస్తుంది. మన కుక్కర్ పిడికి, ఫ్యానుకు, నా సైకిల్‌కు అన్నింటికీ ఆ చుక్కలే. ఈ అంకెల డబ్బా వెనక స్క్రూలకూ ఉన్నాయి. మూడింటినీ నేను చూడకుండా స్క్రూడ్రైవర్‌తో గీకేశాను, నాలుగోది మిగిలింది. దాన్ని ఎండలో పెట్టి చూశాను. కింద పాత చుక్క చిట్లి ఉంది. దాని మీద కొత్త చుక్క, నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది.

అర్థమైందా? అవ్వ విప్పినప్పుడు పాత చుక్క చిట్లింది. ఆ తర్వాత బాపు విప్పాడు. విప్పినవాడు దారం చూడకుండా ఉంటాడా? చూశాడు. చూసి, దారం అలాగే ఉంచి, మూత పెట్టి, స్క్రూలు బిగించి, చుక్కలు పెట్టాడు. ఫ్యాక్టరీ మొత్తం మిషన్లు బాగుచేసిన ఫిట్టర్ ఏడేళ్ళు ఇంత చిన్న మీటర్ ఎందుకు బాగుచేయలేదని మనలో ఒక్కరమైనా అడిగామా? తెలుసు కాబట్టి చేయలేదు. నేను దొంగను కాదని ఆయనకు తెలుసు. తెలిసి కూడా పిలవలేదు. బాల్కొండకు బస్సు లేదా? ఆయన దగ్గర బండి లేదా? ఫోన్ లేదా?

ఇద్దరూ తెలిసే నన్ను దొంగగా ఉంచారు.

అవ్వను అడుగు. ఎందుకు చుట్టిందో, ఎందుకు చెప్పలేదో అడుగు. నేను వచ్చి అడిగితే ఈసారి విసిరేది విస్తరి కాదు.

మధుకర్

*

కార్డు మీద, బోధన్ నుంచి:

అక్కా, అడిగావా?

*

కార్డు మీద, నిజామాబాద్ నుంచి:

అడగలేదు. అడగను. నువ్వు కన్నతల్లి మీద పంచాయతీ పెడితే నేను చదివి వినిపించే గుమాస్తాను కాదు.

*

కార్డు మీద, బోధన్ నుంచి:

నువ్వు అడగకపోతే కార్డులే రాస్తాను, కవర్లు కాదు. మీ పోస్టుమాన్ చదువుతాడు, మీ గల్లీ చదువుతుంది.

*

నిజామాబాద్
కార్తీక పౌర్ణమి వెళ్ళాక

తమ్మీ,

నీ బెదిరింపుకు భయపడి అడిగానని అనుకోకు. నేను అడగనే లేదు. నీ పెద్ద ఉత్తరం మిషన్ మీద పెట్టి మరిచిపోయాను. మా చిన్నది హర్షిణి కూడబలుక్కుంటూ పైకి చదువుతుంటే అవ్వ వింది. చాట పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి, "కాయిదం తియ్యి. నేను చెప్తె రాయి. మంచిగ చేసి రాయకు, చెప్పింది చెప్పినట్టు రాయి" అంది. ఇక్కడి నుంచి మాటలు ఆమెవి.

"మధూ, దారం నేనే సుట్టిన.

మీ బాపు నిద్రల కెల్లి లేస్తనే బండి కాడికి పోయి అంకె సదువుతుండె. తెల్లారుతుందంటె నాకు గుండె దడ. ఆయన అరుసుడు, నువ్వు అరుసుడు, నడుమ నేను కత్తెర వట్టుకొని. గా అంకె తిరుగకపోతె సదువనీకె ఏముంటది, లొల్లి యాడికెల్లి వస్తది అనుకున్న. గంతే నా తెలివి.

బండిల కెల్లి డబ్బ ఎట్ల తియ్యాల్నో, ఎట్ల ఇప్పాల్నో నాకు మీ బాపే సూపిండు. లోపల బల్బు పోతె ఇంట్లకు తెచ్చి నా సాటల వెట్టి, 'నా ఏళ్ళు లావున్నయి, గీ స్క్రూలు నువ్వు తియ్యి' అన్నడు. తీసిన, మల్ల వెట్టిన. ఏది తిరిగితె ఏది తిరుగుతదో గప్పుడే సూసిన. ఆయన ఇందల్వాయి పెండ్లికి పోయిన నాడు ఇప్పి దారం సుట్టిన. మీటర్ పాతదైంది, ఆగిపోయిందనుకుంటడు, ఇగ ఇంట్ల సప్పుడు ఉండదు అనుకున్న. నీ మీదికి వస్తదని నా మనసుల లేకుండె. దేవుని మీద ఒట్టు.

నిన్ను బజార్ల గుంజినప్పుడు చెప్దామని నోరు తెరిసిన. తెరిసి మూసిన. ఎందుకు మూసినవ్ అంటున్నవ్ గద, చెప్త విను. నిన్ను ఎల్లగొడితె నువ్వు బాల్కొండ పోయినవ్. కాంటా మీద కూసున్నవ్, తిన్నవ్, బతికినవ్. నన్ను ఎల్లగొడితె నేనేడికి పోదు? అవ్వగారింట్ల ఎవలున్నరు? నాకు బాల్కొండ లేదు కొడుక.

రెండు దినాలల్ల నువ్వే వాపస్ వస్తవనుకున్న. రాలే. మీ బాపు పౌరుషం నీకు ఒక్క బొట్టు తక్కువ రాలే.

నువ్వు పోయిన ఎండకాలం మీ బాపు బజార్ నుంచి దారం రీలు తెచ్చి నా సాటల వెట్టిండు. పెండ్లైన కాడికెల్లి ఒక్కనాడు తేలే. 'నీ దారం తక్కువ వడ్డట్టున్నది' అన్నడు. గంతే. నేను తలకాయ ఎత్తలే. ఆయనకు ఎర్కైందని నాకు ఎర్కైంది. నన్ను తిట్టలే, కొట్టలే. తిడితె బాగుండు! 'పోరన్ని పిలువు' అని ఎన్నిసార్లు అన్ననో. 'వాడే రావాలె' అనుడు. తప్పు మా ఇద్దరిదైతె వచ్చుడు నీ వంతట. పక్షవాతమొచ్చినంక నోరు వంకరపోయి మాట రాకుండె, గప్పుడు దర్వాజ దిక్కు సూస్తుండె. నేను గప్పుడు గూడ పిలువలే. పిలిస్తె వచ్చి అడుగుతవు గదా, ఎవలు తెంపిన్రని. గా భయం.

దినాల నాడు గంత మందిల నన్ను అడిగినవ్. ఆయన పోయిన పదో దినం, ఆయన బువ్వ ముందట వెట్టుకొని, ఆయన తప్పు నా తప్పు అందరికి చెప్పాల్నా? గిన్నేండ్లల్ల నన్నొక్కదాన్ని కూసోవెట్టుకొని ఒక్కనాడు అడిగినవా? మీ బాపుకు అంకె కావాలె, నీకు సాక్ష్యం కావాలె. నేను ఎవలకు కావాలె గా ఇంట్ల?

ఇంకో ముచ్చట. గా బండి మనింటికొచ్చి గిన్నేండ్లాయె, నన్ను ఒక్కనాడు ఎక్కుమన్న మనిషి లేడు. 'రెండే సీట్లు' అంటుండె మీ బాపు. ఒకటి ఆయనది, మరి రెండోది ఎవలిది? పొద్దుమూకి ఖాళీ సీటేసుకొని పోయి, ఖాళీ సీటేసుకొని వస్తుండె. నువ్వు తీస్కపోయిననాడు నువ్వు నీ దోస్తును కూసోవెట్టుకున్నవ్. దాని మీది దుమ్ము తుడిసింది మాత్రం నేను.

నన్ను తిట్టాలనుంటె వచ్చి తిట్టు. కాయిదం మీద తిడితె నాకు సదువురాదు, సవిత సగం మింగి సదువుతది."

ఇంతే చెప్పింది. చెప్పి పోయి మళ్ళీ చాట ముందు కూర్చుంది.

నేను అక్కడే పుట్టి పెరిగాను. ఆమెకూ ఆ బండి ఎక్కాలని ఉంటుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు తమ్మీ. బాపు మీద కోపం వచ్చింది, నీ మీద వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. మల్లికార్జున్ గారికి బండి ఇవ్వడం లేదని చెప్పేశాను.

నీ నంబర్ బ్లాక్ తీసేశాను. అయినా ఫోన్ చేయకు. ఏం చెప్పాలో ఆలోచించుకొని రాయి.

సవిత

*

శక్కర్‌నగర్, బోధన్

అవ్వా,

అక్కా, ఇది మింగకుండా చదువు. ఒక్క ముక్క మింగినా అవ్వకు తెలిసిపోతుంది.

అవ్వా, నా కోపం తగ్గలేదు. నీ ఉత్తరం విన్నాక తగ్గుతుందేమోనని నాలుగు రోజులు చూశాను. తగ్గలేదు. బాల్కొండలో తిన్నావు, బతికావు అన్నావు. తిన్నాను. మొదటి ఏడాది మిల్లులోనే బస్తాల మీద పడుకున్నాను. బోధన్ దిక్కు నుంచి బస్సు వస్తే దిగేవాళ్ళందరి మొహాలూ చూసేవాణ్ణి. నువ్వు దిగుతావని చూశాను, బాపు దిగుతాడని కూడా చూశాను. పెళ్ళి సంబంధం ఒకటి వచ్చి, పిల్ల తరఫువాళ్ళు మన గల్లీలో అడిగిపోయి మళ్ళీ రాలేదు. దొంగ అన్న మాట అక్కడిదాకా వచ్చింది. నీ భయం నీకు పెద్దదే కావచ్చు. నా ఏడేళ్ళు కూడా చిన్నవి కావు. ఇది నీకు చెప్పకుండా నీ ముందుకు వస్తే అబద్ధమాడినట్టు ఉంటుంది, అందుకే ముందే రాస్తున్నాను.

ఒక్కటి మాత్రం నువ్వన్నది నిజం. నిన్ను ఒక్కదాన్ని కూర్చోబెట్టుకొని ఎన్నడూ అడగలేదు. నేను అడగాల్సింది మీటర్ గురించి కూడా కాదు. ఆ ఇంట్లో నువ్వెట్లా ఉన్నావని అడగాలి. అడగలేదు.

కొత్త చక్రం వచ్చింది. దారం కోసి తీశాను. చక్రం బిగించాను. విరగ్గొట్టిన కొక్కేల దగ్గర జిగురు పూశాను, చూడ్డానికి గలీజుగా ఉంది గానీ నిలబడింది. అంకె ముందుకూ వెనక్కూ జరపలేదు, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాను. బాపు ఒక్కడే తిరిగిన కిలోమీటర్లు అందులో లేవు, ఎప్పటికీ ఉండవు. ఉండకపోతే పోనీ.

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి నడిపి చూశాను. చివరి అంకె నెమ్మదిగా లేచి, తర్వాతి అంకె పైకొచ్చింది. పిచ్చి పట్టినవాడిలా అరిచాను. పక్కకు తిరిగి ఎవరికో చూపించబోయాను. సీటు ఖాళీగా ఉంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఎవరి మీదో కూడా తెలియదు, అక్కడే బండి తిప్పి ఇంటికి తెచ్చి పెట్టేశాను. బాపు అన్నేళ్ళు ఆ సీటు పక్కన ఎలా తిరిగాడో నాకు అర్థం కాలేదు.

ఆదివారం వస్తున్నాను. తయారుగా ఉండు. తల కప్పుకోవడానికి మంచి రుమాలు తెచ్చుకో, పైన టాపు తీసేస్తాను, గాలి బాగా కొడుతుంది. అక్కా, నీకు చోటు లేదు, నువ్వు బస్సులో రావాల్సిందే. కోపం తెచ్చుకోకు, కోపం మా ఇద్దరికే ఎక్కువైంది.

ముందు చిన్నయ్య కాక ఇంటి ముందు ఆపుతాను. నువ్వు దిగొద్దు. సీట్లో కూర్చొనే కాకను బయటికి పిలువు. "దారం నేను సుట్టిన, నా కొడుకు దొంగ కాదు" అని ఒక్క మాట చెప్పు. బాపు చూశాడని చెప్పొద్దు. అది మన ముగ్గురి దగ్గరే ఉండనీ. నా మాట నాకు ఇప్పించు, ఆయన మాట నేను దాస్తాను.

అక్కడి నుంచి బాల్కొండ పోదాం. దారిలో నన్ను తిట్టు. నేనూ తిడతాను. ఏడేళ్ళవి ఇద్దరి దగ్గరా నిల్వ ఉన్నాయి, అక్కడికి చేరేలోపు అయిపోవు, వచ్చేటప్పుడు మిగతావి తిట్టుకుందాం. అంకె మాత్రం ఎవరమూ పైకి చదవొద్దు. దాని మానాన అది తిరుగుతుంది.

ఈ కవర్లో రెండు వస్తువులు పెట్టాను. ఒకటి నీ దారం, నీది నీకు. రెండోది తాళంచెవి. బాల్కొండలో మిల్లు వెనక నాకు ఒక గది ఉంది. మొన్న పోయి దానికి రెండో తాళంచెవి చేయించాను. నాతో కొట్లాట తెగినా తెగకపోయినా అది నీ దగ్గరే ఉంటుంది. నీకు బాల్కొండ లేదని ఇంకోసారి అనకు.

నీ కొడుకు
మధుకర్